సైకిలెక్కితే పేట ఎంత దూరం?

వత్సవాయి చుట్టుపక్కల ఊళ్లలో ఒకప్పుడు దూరాన్ని గంటల్లో చెప్పుకునేవారు. నడిస్తే ఇంత, ఎడ్లబండైతే ఇంత, సైకిలైతే ఇంత. పొద్దున్నే సైకిలెక్కితే ఎండ ముదరకముందే పేటలో ఉండొచ్చు. పేట అంటే జగ్గయ్యపేట. పురుగుమందు డబ్బా కావాలన్నా, కొత్త సినిమా చూడాలన్నా, ఇంటర్లో చేరాలన్నా అక్కడికే. ముందు బారు మీద ఒకరు, వెనక క్యారేజీ మీద ఒకరు. సగం దారిలో తొక్కేవాడు మారిపోయేవాడు. ఇరవై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉండే ఆ ప్రయాణాన్ని ఎవరూ వ్యాయామం అనుకోలేదు. విహారం అని అసలే అనుకోలేదు.

ఇప్పుడు అదే దూరానికి అబ్బాయి బండి కొనిపెట్టమంటాడు. అమ్మాయైతే ఆటో, లేదంటే కాలేజీ బస్సు, అదీ కుదరకపోతే హాస్టలు. సైకిలు మీద వెళితే ఏం అని ఎవరైనా అన్నారో, ఇంట్లో వెంటనే వచ్చే జవాబు ఒక్కటే.. 'హైవే దాటాలి కదా!'

ఆ జవాబు సంగతి తర్వాత. ముందు దారుల ముచ్చట చూద్దాం. ఎందుకంటే ఈ మెట్ట సీమలో ఉన్నలాంటి దారుల కోసమే విమానమెక్కి, సైకిలుకు కూడా కిరాయి కట్టి, సముద్రాలు దాటి వెళ్లేవాళ్లు ప్రపంచంలో చాలామంది ఉన్నారు.

మధ్యధరా సముద్రంలో మయోర్కా అనే దీవి ఉంది. స్పెయిన్ దేశానిది. దాని వాయవ్యపు అంచు పొడవునా త్రముంతానా కొండల వరుస. అందులో ఎత్తయిన శిఖరం 1,400 మీటర్ల పైమాటే. 2011లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కిన కొండలివి. చలి కాస్త తగ్గగానే యూరప్ నలుమూలల నుంచీ జనం సైకిళ్లతో ఇక్కడ వాలిపోతారు. పందేలే వృత్తిగా పెట్టుకున్నవాళ్లు, ఆఫీసుకు వారం సెలవు పెట్టినవాళ్లు, రిటైరైన దంపతులు.. అందరూ ఒకే రోడ్డు మీద. సా కలోబ్రా అనే దారికి మరీ పేరు. ఆంటోనియో పరియెట్టి అనే ఇంజినీరు గీసిన ఈ రోడ్డు 1932లో తయారైంది. సుమారు పది కిలోమీటర్లు మెలికలు తిరుగుతూ కొండ దిగి, సముద్రం ఒడ్డున ఆగిపోతుంది. ఒకచోటయితే రోడ్డు తన కిందనుంచి తానే దూరి, మెడకు టై కట్టినట్టు చుట్టు తిరుగుతుంది. దిగడం సరదాగానే ఉంటుంది. కింద ముందుకు రోడ్డు లేదు కాబట్టి దిగినదంతా మళ్లీ ఎక్కాల్సిందే! పక్క దీవులకూ ఈ భాగ్యం ఉంది. టూర్ డి ఫ్రాన్స్ నూరో పోటీ 2013లో కోర్సికా దీవి నుంచి మొదలైంది. ఇటలీవాళ్ల జీరో నూరో పోటీ 2017లో సార్డీనియా దీవి నుంచి.

ఇదంతా చదివి 'మనకెక్కడివి అలాంటి కొండలు' అనుకుంటాం. నిజమే, లేవు. కానీ మయోర్కాకు వెళ్లినవాళ్లంతా రోజూ కొండలే ఎక్కరు. దీవి మధ్యలో చదునైన నేల ఉంది. బాదం తోటలు, రాతి గోడలు, చిన్న చిన్న ఊళ్లు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయే సన్నటి పాత రోడ్లు. సైకిలు కోసమని కొత్తగా వేసినవి కావవి. ఉన్నవాటికే బాణం గుర్తుల బోర్డులు పెట్టారు. సైకిలును దాటే కారు కనీసం మీటరున్నర దూరం వదలాలని స్పెయిన్ చట్టం. పెద్ద మోటారు రహదారుల మీదికి సైకిలును రానివ్వరు. రానివ్వకపోయినా ఫర్వాలేదు, పక్కన ఇంకో దారి ఉంటుంది.

ఊరి నుంచి ఊరికి పోయే పాత దారులు వత్సవాయి చుట్టూ కూడా కావలసినన్ని ఉన్నాయి.

ఏటి వెంట

పశ్చిమ కృష్ణా అని ఇప్పటికీ అందరూ పిలిచే ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. డెల్టాలాగా చాప పరిచినట్టుండే నేల కాదిది. దక్షిణాన కృష్ణ, అందులో కలిసే మునేరు, మునేట్లో కలిసే వైరా, వాటిలోకి దిగే లెక్కలేనన్ని వాగులు కోసుకుంటూ పోయిన మెట్ట. అందుకే రోడ్డు ఎక్కువసేపు ఒకే మట్టంలో ఉండదు. వాగులోకి దిగుడు, కల్వర్టు, మళ్లీ మిట్ట. కారులో వెళ్లేవాళ్లకు ఈ తేడా తెలియనే తెలియదు. సైకిలు తొక్కేవాళ్ల మోకాళ్లకు బాగా తెలుస్తుంది. రెండు పక్కలా నల్లరేగడిలో పత్తి, మిరప. నడుమ నడుమ సుబాబుల్ తోటలు. జనవరి దాటాక వెళితే కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు ఎర్రతివాచీల్లా కనిపిస్తాయి. ఘాటుకి తుమ్ములొస్తే ఒక చేత్తో ముక్కు, ఒక చేత్తో హ్యాండిలు!

మొదటి దారి మునేటి వెంట. వత్సవాయి నుంచి పోలంపల్లి వెళితే అక్కడ మునేటి మీద ఆనకట్ట ఉంది. 1898లో కట్టారు. అంటే సా కలోబ్రా రోడ్డు కంటే 34 ఏళ్లు పెద్దది. నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసిన 1955 డిసెంబరు 10 నాటికే దీనికి 57 ఏళ్లు. సాగర్ ఎడమ కాలువ రాకముందు ఈ మెట్టలో తరి పంట చూసిన పొలాలకు ఇదే దిక్కు. చలికాలం పొద్దున ఇక్కడ సైకిలు ఆపితే రాళ్ల మధ్య పలచగా పారే నీరు, ఇసుక తిన్నెలు, వాటి మీద కొంగలు. ఇంకాస్త కాళ్లలో సత్తువ ఉంటే లింగాల దగ్గరున్న మునేటి వంతెన దాకా వెళ్లొచ్చు. ఆ రోడ్డు బోనకల్లు, వైరా వైపు పోతుంది. 2014 తర్వాత అది పక్క రాష్ట్రం. సైకిలు మీద రాష్ట్రం దాటొచ్చామని పిల్లలు బళ్లో చెప్పుకోవచ్చు.

దక్షిణంగా తిరిగితే పెనుగంచిప్రోలు. మునేటి ఒడ్డున తిరుపతమ్మ కొలువైన ఊరు. మాఘ, ఫాల్గుణ మాసాల్లో తిరునాళ్లప్పుడు ప్రభలు, బళ్లు, జనంతో రోడ్డు కనిపించదు. ఆ రోజుల్లో సైకిలు యాత్ర పెట్టుకోకపోవడం మంచిది. మిగతా రోజుల్లో అయితే ఇంతకన్నా హాయైన దారి ఉండదు. పిల్లలు తట్టుకునే దూరం. అన్నిటికన్నా ముఖ్యం, వత్సవాయి నుంచి పోలంపల్లికీ పెనుగంచిప్రోలుకీ వెళ్లి రావడానికి హైవే ముఖం చూడనవసరం లేదు.

ఒక్క జాగ్రత్త. మునేరు మంచి ఏరే గానీ దాన్ని నమ్మడానికి లేదు. వత్సవాయిలో ఎండ కాస్తున్నా పైన ఖమ్మం, మహబూబాబాద్ వైపు కుండపోత పడితే చాలు, కొన్ని గంటల్లో ఇక్కడ ఏరు ఒడ్డులు ఒరుసుకుంటుంది. 2023 జులై నెలాఖరులో అలాగే వచ్చింది. 2024 సెప్టెంబరు 1న అంతకు మించి వచ్చింది. పెనుగంచిప్రోలు వీధుల్లోకి, ఇళ్లలోకి నీళ్లు చేరాయి. నందిగామ పక్కన ఐతవరం దగ్గర జాతీయ రహదారే మునిగి హైదరాబాద్, విజయవాడల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. నాలుగు వరసల రోడ్డుకే దిక్కులేనప్పుడు చప్టా మీద సైకిలు ఎంత? వానాకాలంలో ఏటి దారి వద్దు. వెళ్లాల్సి వచ్చినా, నీళ్ల కింద రోడ్డు కనిపించకపోతే అది మోకాలి లోతేనని ఎవరు చెప్పినా వెనక్కి తిరగాల్సిందే. నీళ్లు లాగితే చక్రాలు రెండూ తెరచాపల్లా అడ్డం తిరుగుతాయి.

చక్రవర్తి చక్రం

రెండో దారి పేట వైపు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి జగ్గయ్య పేరు మీద కట్టించిన పేట ఇది. అంతకుముందు బేతవోలు. అంతకన్నా ముందు, శాసనాల్లో, వేలగిరి. ఊరి అంచున ఉన్న గుట్టను ధనంబోడు అంటారు. దాని మీద బౌద్ధ స్తూపం అవశేషాలున్నాయి. 1882లో జేమ్స్ బర్జెస్ అనే పురావస్తు పండితుడు ఇక్కడ తవ్వకాలు చేయించాడు. అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల మీద 1887లో పుస్తకం వేశాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి అయిదు ఆయక స్తంభాలు చేయించి ఇచ్చినట్టు ఇక్కడి శాసనం చెబుతుంది. రాజు కాదు, మంత్రి కాదు, పనివాడు ఇచ్చిన దానం. పదిహేడు వందల ఏళ్ల కిందటి మాట.

ఇక్కడ దొరికిన పలకల్లో ఒకటి ప్రపంచమంతా తిరిగే పుస్తకాలకెక్కింది. మాంధాత చక్రవర్తి చెయ్యెత్తి నిలబడితే మబ్బుల్లోంచి నాణాలు వానలా కురుస్తుంటాయి. చుట్టూ ఆయన రత్నాలు.. గుర్రం, ఏనుగు, రాణి, మంత్రి, మణి, వీటితో పాటు చక్రం. అడ్డు లేకుండా ఎక్కడికైనా దొర్లిపోయే చక్రం ఎవరికుంటే వారే చక్రవర్తి అని ఆనాటి లెక్క. ధనంబోడు మీద దొరికిన బొమ్మలో ధనం కురవడం ఒక ముచ్చటయితే, సైకిలు మీద అక్కడిదాకా వెళ్లినవాళ్లకు ఆ చక్రం ఇంకో ముచ్చట. అయితే పలకను చూడాలంటే మాత్రం చెన్నై మ్యూజియానికి పోవాలి. పేటలో ఉన్నది గుట్ట, ఇటుకలు, గాలి.

పేట నుంచి ఇంకా దక్షిణానికి దిగితే కృష్ణ ఒడ్డున ముక్త్యాల, వేదాద్రి. ముక్త్యాల కోట వాసిరెడ్డి జమీందార్లది. నందికొండ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టాలని ఏళ్ల తరబడి తిరిగి, ఢిల్లీదాకా పోరాడిన ముక్త్యాల రాజా ఊరిది. ఆయన లేకపోతే సాగర్ కథ ఇంకోలా ఉండేదని రైతులు ఇప్పటికీ చెప్పుకుంటారు. వేదాద్రిలో నరసింహస్వామికి అయిదు రూపాలు.. యోగానంద, లక్ష్మీ, వీర, జ్వాలా, సాలగ్రామ. నది వైపు దిగుతుంటే పెడలు తొక్కనక్కర్లేదు, గాలి చెవుల్లో హోరెత్తుతుంది. తిరిగి ఎక్కేటప్పుడు సా కలోబ్రా గుర్తుకొస్తుంది. చిన్న సైజులో!

కానీ ఈ దారిని కళ్లు మూసుకుని మెచ్చుకోవడానికి లేదు. కింద నేలంతా సున్నపురాయి. అందుకే సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. ఫ్యాక్టరీలుంటే లారీలుంటాయి. బరువుకి కుంగిన రోడ్డు అంచులు, కంట్లో దుమ్ము. ఉద్యోగాలిచ్చిన పరిశ్రమను సైకిలు తొక్కేవాళ్ల కోసం ఎత్తేయమనడం తెలివితక్కువ. ఆదివారం తెల్లవారుజామున లారీల తాకిడి తగ్గినప్పుడు వెళ్లి, ఎండెక్కేలోపు వచ్చేయడమే ఉపాయం. చిన్నపిల్లల్ని మాత్రం ఈ దారికి తీసుకెళ్లకండి.

ఆ ఒక్క దాటు

ఇక మొదట ఇంట్లో వచ్చిన జవాబు దగ్గరికి వద్దాం. వత్సవాయి నుంచి పేటకు వెళ్లేవాళ్లు చిల్లకల్లు దగ్గర జాతీయ రహదారి దాటాలి. ఒకప్పుడు తొమ్మిదో నంబరు, 2010లో నంబర్లు మార్చాక అరవై అయిదు. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు సరుకు మోసిన బాట కూడా ఈ సీమలోంచే పోయేది. ఇక్కడివాళ్లకు పెద్ద రోడ్డు కొత్త కాదు. రెండు వరసల రోడ్డుగా ఉన్నంతకాలం అటూ ఇటూ చూసి, సైకిలు దిగి, నాలుగడుగుల్లో దాటేవారు. 2012కల్లా అది నాలుగు వరసలైంది. చిల్లకల్లులో టోలుగేటు వచ్చింది. హైదరాబాద్ బస్సుకు గంటకు పైగా కలిసొచ్చింది. అది చిన్న లాభం కాదు, అర్ధరాత్రి ఆసుపత్రికి పరిగెత్తినవాళ్లకు బాగా తెలుసు.

అయితే మధ్యలో డివైడరు లేచాక, రోడ్డుకు ఈ పక్కనున్న పొలానికీ ఆ పక్కనున్న ఊరికీ మధ్య దూరం మారిపోయింది. దాటడానికి సందు ఎక్కడో ఉంటుంది. సర్వీసు రోడ్డు కొంతదూరం వచ్చి ఆగిపోతుంది. కిలోమీటరు వెళ్లి చుట్టు తిరిగి రావడానికి పాల క్యాన్లు కట్టుకున్నవాడికి ఓపిక ఉండదు. రాంగ్ రూటులో, అంచు గీత మీద, ఎదురుగా లారీ వస్తుండగా తొక్కేస్తాడు. తప్పే. కానీ ఆ తప్పుకి మొదటి కారణం అతను కాదు. రోడ్డు గీసినప్పుడు అతని చుట్టుతిరుగుడు ఎవరి లెక్కలోకీ రాలేదు. టోలుగేటు దగ్గర సైకిలుకు రుసుము లేదు. ఆ గౌరవం ఒక్కటే దక్కింది.

రెండేళ్లకోసారి పెనుగంచిప్రోలు తిరుపతమ్మ విగ్రహాలను రంగులు వేయించడానికి ఊరేగింపుగా జగ్గయ్యపేట రంగుల మండపానికి తీసుకెళతారు. ఆ అమ్మ కూడా ఈ హైవే దాటాల్సిందే. అమ్మవారు దాటేటప్పుడు లారీలు ఆగుతాయి. కాలేజీకి పోయే పిల్ల దాటేటప్పుడు ఆగవు.

2017, 18 ప్రాంతాల్లో 'బడికొస్తా' పేరుతో రాష్ట్ర ప్రభుత్వం హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లిచ్చింది. ఊళ్లో బడికి వాటిమీదే వెళ్లారు. ఇంటరు కొచ్చేసరికి చాలా ఇళ్లలో ఆ సైకిలు వసారాలో గోడకు చేరింది. తల్లిదండ్రుల్ని తప్పుపట్టలేం. పదహారేళ్ల పిల్లను రోజుకు రెండుసార్లు ఆ రోడ్డు దాటించడమంటే ఎవరికైనా గుండె దడే. ఇదే తండ్రి, ఇదే వయసులో, ఇదే దారిలో, బారు మీద స్నేహితుణ్ని కూర్చోబెట్టుకుని వెళ్లినవాడే. సైకిలు అనగానే ఎన్నికల గుర్తు గుర్తొచ్చే రాష్ట్రంలో సైకిలు దాటడానికి ఒక సందు అడగడం మరీ పెద్ద కోరిక కాకపోవచ్చు. కింద నుంచి వెళ్లే దారి, దాని దాకా రెండు వైపులా తెగకుండా సర్వీసు రోడ్డు, రాత్రి వెలిగే నాలుగు దీపాలు. మయోర్కాలో చేసింది ఇంతకన్నా గొప్ప పని కాదు.

అది వచ్చేదాకా చేయగలిగింది చేయడమే. హైవే మీద సైకిలు తొక్కొద్దు, దాటండి. దాటేటప్పుడు ఎక్కి కాదు, దిగి, నడిపించుకుంటూ. కింద నుంచి వెళ్లే దారి ఉన్నచోట కిలోమీటరు ఎక్కువైనా అటే వెళ్లండి. నలుగురు కలిసి వెళితే నలుగురూ ఒకేసారి దాటండి. వెనక మడ్గార్డుకి, పెడళ్లకి మెరిసే స్టిక్కర్లు అంటించండి. చీకటితో బయల్దేరితే వెనక ఎర్రలైటు తప్పనిసరి. ఆగి ఉన్న లారీ పక్కనుంచి దూరేటప్పుడు తలుపు తెరుచుకుంటుందనే అనుకోండి.

కాలం సంగతి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ సీమ సైకిలుకు స్వర్గం. మార్చి దాటితే కాదు. వేసవిలో వాతావరణ వార్తల్లో నందిగామ పేరు ఎందుకు వినిపిస్తుందో తొమ్మిదింటికే అర్థమైపోతుంది. మనిషికి రెండు సీసాల నీళ్లు, చిటికెడు ఉప్పు కలిపిన మజ్జిగ ఒకటి.

గేర్ల సైకిలు ఉండాల్సిన పనిలేదు. పాత నల్ల సైకిలుతో కూడా వెళ్లొచ్చు. ఆ సైకిళ్లు చేసిన అట్లాస్ కంపెనీ చివరి ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం రోజునే మూతపడింది గానీ, బండ్లు మాత్రం ఇంకా పల్లెల్లో తిరుగుతూనే ఉన్నాయి. బ్రేకు రబ్బర్లు చూసుకోండి, దిగుళ్లు ఉన్నాయి మరి. చైనుకు రెండు చుక్కల నూనె. తుమ్మముళ్లకు ఈ దారుల్లో కొదవలేదు కాబట్టి ఒక ట్యూబు, పంపు వెంట ఉండాలి. ఊళ్లో పంచరు షాపు ఉంటుందిలే అనుకుంటే పొరపాటే. సైకిలు పంచర్లు వేసిన కొట్లు చాలావరకు మోటారుసైకిళ్లకు మారిపోయాయి. సైకిలు ట్యూబు అడిగితే పైనుంచి కిందికి ఒకసారి చూసి, అటక మీద వెతుకుతారు.